నేర్చుకునే దశలో ఫ్యాషన్ షూట్‌కి మేకప్: ఒప్పుకున్న రోజు నుంచి ఆఖరి ఫ్రేమ్ దాకా

క్లాసులో అద్దం ముందు కూర్చోబెట్టి చేసిన మేకప్‌ని ఓ మీటరు దూరం నుంచి మనిషి కన్ను చూస్తుంది. షూట్‌లో చూసేది లెన్సు. అది ఎంత దగ్గరికి వస్తుంది, ఏ వైపు లైటులో చూస్తుంది అన్నది ఫొటోగ్రాఫర్ చేతిలో ఉంటుంది. కోర్సు చేస్తూ మొదటి షూట్‌కి వెళ్లేవాళ్లకి బ్లెండింగ్ బాగానే వచ్చి ఉంటుంది. దెబ్బతినేది ముందుగా నాలుగు ప్రశ్నలు అడగకపోవడం వల్ల.

ఒప్పుకునే ముందు

కొత్తవాళ్లు కలిసి చేసే షూట్లలో సాధారణంగా డబ్బు ఉండదు. ఫొటోగ్రాఫర్, మోడల్, స్టైలిస్ట్, హెయిర్, మేకప్, అందరూ తమ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే ఫొటోల కోసం పనిచేస్తారు. దీన్ని టెస్ట్ షూట్ అనో, టీఎఫ్‌పీ (డబ్బుకి బదులు ఫొటోలు) అనో అంటారు. డబ్బు లేదు కదా అని నోటిమాటతో సరిపెట్టుకుంటే రెండు నెలల తర్వాత ఫొటోల కోసం వెంటపడాల్సి వస్తుంది. ఒక్క మెసేజ్ చాలు, కానీ అందులో అన్నీ ఉండాలి: ఎడిట్ చేసిన ఫొటోలు మీకు ఎన్ని ఇస్తారు, ఎన్ని వారాల్లో ఇస్తారు, పూర్తి సైజువేనా, మీ పేరు ఎక్కడ వేస్తారు, ఆ ఫొటోలు ముందుముందు ఎవరైనా ప్రకటనకి కొనుక్కుంటే మీ సంగతేమిటి. పత్రికకి పంపే ఉద్దేశం ఉంటే అదీ ముందే తెలియాలి. అచ్చయ్యేదాకా ఒక్క ఫ్రేమ్ కూడా బయట పెట్టకూడదని చాలా పత్రికలు షరతు పెడతాయి. సెట్‌లో ఫోన్‌తో తీసినవి కూడా అందులోకే వస్తాయి.

ఏదైనా బట్టల బ్రాండు తన సరుకు అమ్ముకోవడానికి చేయించుకుంటుంటే దాన్ని టెస్ట్ షూట్ అనుకోకండి, అది పని. పూర్తి ఫీజు అడిగే ధైర్యం ఇంకా లేకపోతే కనీసం కిట్ ఖర్చు, దారి ఖర్చు అడగండి. ఒకసారి వాడి పారేసే మస్కారా వాండ్లు, స్పాంజులు, పెట్టుడు రెప్పలు ఒక్కరోజులో ఎన్ని అయిపోతాయో లెక్కేస్తే అడగడానికి మొహమాటం పోతుంది.

ఇంకొకటి కూడా ఇక్కడే మాట్లాడుకోవాలి. ఫ్యాషన్ షూట్‌లో ఫొటోగ్రాఫర్ కన్ను బట్టల మీద ఉంటుంది. రోజంతా నిలువెత్తు ఫ్రేములే తీస్తారు, వాటిలో ముఖం గోరంత. అలాంటి ఫొటో ఎంత అందంగా ఉన్నా మేకప్ ఆర్టిస్ట్ పోర్ట్‌ఫోలియోలో పెద్దగా పనికిరాదు. అందుకని ప్రతి లుక్‌కీ భుజాల నుంచి పైకి రెండు, కళ్లు మూసుకుని ఒకటి, పక్క నుంచి ఒకటి దగ్గరి షాట్లు కావాలని ముందే చెప్పండి. పది నిమిషాల పని, ఎవరూ కాదనరు. షూట్ అయిపోయి లైట్లు సర్దేటప్పుడు అడిగితే మాత్రం కుదరదు. ఆ షాట్లకి చర్మం మీది రంధ్రాలు కనిపించేంత తేలికగానే ఎడిట్ చేయమనండి. మైనంబొమ్మలా నునుపు చేసేస్తే అందులో మీ పని ఎంతో, కంప్యూటర్ పని ఎంతో చూసేవాళ్లకి తెలియదు.

ఫొటోగ్రాఫర్‌ని ఏమడగాలి

మూడ్‌బోర్డ్ వస్తుంది, అంటే షూట్ ఎలా ఉండాలో చూపించే నమూనా బొమ్మల పలక. అందులో ఇరవై బొమ్మలుంటాయి. ఏ బొమ్మ లైటు కోసం పెట్టారు, ఏది పోజు కోసం, ఏది మేకప్ కోసం అని ఒక్కొక్కటీ చూపించి అడగండి. "గ్లోయీగా కావాలి" అంటే ఒకరికి తడిసినట్టున్న చెంప, ఇంకొకరికి షిమ్మర్, మరొకరికి పౌడర్ వేయకపోవడం. మాట కంటే బొమ్మ నయం.

తర్వాత లైటు గురించి. పెద్ద సాఫ్ట్‌బాక్స్ నుంచి వచ్చే మెత్తని వెలుతురా, చిన్న లైటు నుంచి పడే గట్టి వెలుతురా? గట్టి లైటు పైనుంచి పడుతుంటే బుగ్గ ఎముక కిందా, దవడ కిందా నీడ దానంతటదే పడుతుంది. ఆ నీడ పడేచోటే మీరు కాంటూర్ (ముఖానికి ఆకారం తేవడానికి వేసే ముదురు ఛాయ) గీస్తే రెండూ కలిసి మసి పూసినట్టుంటుంది. అదే రింగ్ లైటు లాగా ఎదురుగా వచ్చే వెలుతురయితే ముఖం చదునైపోతుంది, అక్కడ కాంటూర్ కాస్త ఎక్కువే వేయాలి. పైనుంచి లైటు పడేటప్పుడు గుబురుగా ఉన్న పెట్టుడు రెప్పలు కంట్లోకి నీడ వేసి కనుగుడ్డులో మెరిసే చుక్కని మింగేస్తాయి, చూపు చచ్చిపోతుంది. అలాంటి లైటుకి పూర్తి రెప్పల పట్టీ బదులు బయటి మూలకి విడివిడి గుత్తులు మూడు నాలుగు చాలు.

రంగు జెల్స్ (లైటు ముందు పెట్టే రంగు షీట్లు) వాడతారేమో తప్పక అడగండి. ఎర్రని జెల్ కింద ఎర్ర లిప్‌స్టిక్ చర్మంలో కలిసిపోతుంది, నీలం జెల్ కింద అదే నల్లగా కనిపిస్తుంది. గంటన్నర కష్టపడి కలిపిన ఐషాడో రంగులు అలాంటి లైటులో ఒక్కటిగా తేలతాయి. అక్కడ రంగుల జోలికి పోకుండా ముదురు, లేత, మెరుపు అన్న తేడాతోనే లుక్ కట్టాలి. నలుపు తెలుపుకీ ఇదే లెక్క. మామూలుగా మార్చినప్పుడు ఎరుపు ముదురు బూడిదరంగు అవుతుంది. ఎడిటింగ్‌లో రెడ్ ఫిల్టర్ వేస్తే అదే పెదవి తెల్లబడుతుంది. కెమెరా తెరను మోనోక్రోమ్‌లో పెట్టి చూపించమంటే అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది.

చివరి ప్రశ్న క్రాప్, అంటే ఫ్రేమ్‌లో మనిషి ఎంతవరకు పడుతుందన్నది. ముఖం వరకే తీసే ఫ్రేమ్‌లో ప్రతి పొరా కనిపిస్తుంది. అక్కడ ఫౌండేషన్ పలచగా, కన్సీలర్ అవసరమైన మచ్చ మీద మాత్రమే, పౌడర్ నుదుటి మధ్యన, ముక్కు పక్కన, గడ్డం మీద మాత్రమే ఉండాలి. పెద్ద రవ్వలున్న షిమ్మర్ హైలైటర్ ఈ దూరంలో వెలుగులా కాకుండా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. నిలువెత్తు ఫ్రేమ్‌లో వ్యవహారం తిరగబడుతుంది: అద్దంలో ఎక్కువనిపించిన కనుబొమ్మ, పెదవి అంచు, బ్లష్ అక్కడ సరిగ్గా ఉంటాయి, అద్దంలో సరిగ్గా ఉన్నవి కనిపించవు. ఒకే లుక్‌ని రెండు క్రాపుల్లోనూ తీస్తుంటే ముందు దగ్గరివి తీయించి, ఆపైన రంగు పెంచండి. పెంచడం రెండు నిమిషాలు, తగ్గించడం పావుగంట.

ఫ్లాష్‌లో తెల్లబడటం

ఫొటోలో కళ్ల కింద తెల్లని అర్ధచంద్రాలు, లేదా మెడ కంటే రెండు ఛాయలు తెల్లగా ముఖం. దీన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటారు. కారణం రెండు రకాలు. ఎస్‌పీఎఫ్ ఉన్న క్రీములు, ఫౌండేషన్లలో ఉండే టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఒకటి. "హెచ్‌డీ" పేరుతో వచ్చే తెల్లని సిలికా పౌడర్ రెండోది. అవి వెలుతురును వచ్చిన దారిన తిప్పి కొడతాయి. ఫ్లాష్ కెమెరా మీదే ఉన్నప్పుడు ఇది బాగా బయటపడుతుంది, పక్కన స్టాండు మీది సాఫ్ట్‌బాక్స్‌తో తక్కువ. పరీక్ష తేలిక: గది చీకటి చేసి, మేకప్ వేసిన ముఖాన్ని ఫోన్ ఫ్లాష్‌తో ఓ మీటరు దూరం నుంచి తీసి చూడండి. కొత్త పౌడర్ ఏది కొన్నా ముందు మీ చేతి మీద వేసుకుని ఇలా చూశాకే కిట్‌లో పెట్టండి. మోడల్ ఇంటి నుంచి సన్‌స్క్రీన్ రాసుకుని వస్తే దాన్ని తుడిచేయండి. ఎండలో ఆరుబయట షూట్ అయితే తుడవకండి, అక్కడ ఆమె చర్మం ముఖ్యం.

మోడల్‌ని ఏమడగాలి

రెండు మూడు రోజుల ముందే అడగండి: అలర్జీలు ఏమైనా ఉన్నాయా, రెప్పల జిగురు పడుతుందా, కాంటాక్ట్ లెన్సులు వాడతారా, ఇప్పుడు మొటిమల మందులేమైనా వాడుతున్నారా. రెటినాయిడ్ క్రీములు రాసేవాళ్ల చర్మం పొట్టు లేచి ఉంటుంది, మ్యాట్ ఫౌండేషన్ ఆ పొట్టుని పట్టుకుని ఎత్తి చూపిస్తుంది. అలాంటివాళ్లకి ఆ రోజు స్క్రబ్ చేస్తే మంట తప్ప లాభం లేదు. మాయిశ్చరైజర్ ఎక్కువసేపు ఇంకనిచ్చి, పలచటి ద్రవ ఫౌండేషన్ తడి స్పాంజితో అద్దాలి. జిగురు కొత్తదైతే 24 నుంచి 48 గంటల ముందు చెవి వెనక కానీ మోచేతి మడతలో కానీ చుక్క పెట్టి చూడాలి. కనుబొమ్మలు తీయించుకోవాలనుకుంటే రెండు రోజుల ముందే కానివ్వమనండి. షూట్ నాటి పొద్దున తీయిస్తే చుట్టూ ఎర్రబడుతుంది, దాని మీద మేకప్ నిలవదు. మీ అంతట మీరు ట్వీజర్ తీసి వెంట్రుక పీకడం మాత్రం అడగకుండా చేయకండి, ఒక్కటైనా సరే. మోడల్ మైనర్ అయితే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉందో లేదో ఫొటోగ్రాఫర్‌ని అడిగి తెలుసుకోండి.

దగ్గరగా తీసిన ముఖం ఫొటో ఒకటి, మేకప్ లేకుండా, కిటికీ వెలుతురులో తీసింది పంపమంటే ఏ ఛాయలు తీసుకెళ్లాలో తెలుస్తుంది. దాన్ని పూర్తిగా నమ్మి ఒక్క ఫౌండేషనే పట్టుకెళ్లకండి. దగ్గరి ఛాయలు మూడు, కలుపుకోవడానికి ఒక ముదురు, ఒక లేత ఉంటే ఎవరినైనా కుదిర్చేయవచ్చు.

కిట్, శుభ్రత

ఇందులో మినహాయింపులు లేవు. ఎవరి ముఖం మీదైనా తాకింది తిరిగి డబ్బాలోకి వెళ్లకూడదు. లిప్‌స్టిక్, క్రీమ్, కన్సీలర్ ఏదైనా స్పాచులాతో స్టీలు పలక మీదికి తీసుకుని, పలక మీద నుంచి బ్రష్‌తో వాడాలి. మస్కారాకి ప్రతిసారీ కొత్త వాండ్. ఒక కంటికి వాడింది మళ్లీ ట్యూబులో ముంచితే ట్యూబు మొత్తం పారేయాల్సిందే. కాజల్ పెన్సిల్‌ని ఒక్కో మనిషికి ముందు చెక్కి, ఆల్కహాల్ చల్లి, ఆరనివ్వాలి. బ్రష్ మీది పౌడర్‌ని నోటితో ఊదకండి, బ్రష్ పిడికి తట్టండి.

ఆల్కహాల్ అంటే 70 శాతం ఐసోప్రొపైల్. శాతం ఎక్కువైతే బాగా పనిచేస్తుందనుకుని 99 కొనేవాళ్లున్నారు. అది క్రిములు చచ్చేలోపే ఆవిరైపోతుంది. 70లో ఉన్న నీరే దాన్ని ఉపరితలం మీద కాసేపు నిలబెట్టి, కణంలోకి దిగనిస్తుంది. నొక్కిన పౌడర్లకి పైపొర టిష్యూతో తుడిచి, దూరం నుంచి సన్నగా చల్లి, పూర్తిగా ఆరాక మూత పెట్టండి. స్ప్రే సీసాని వేడెక్కే లైట్ల దగ్గర పెట్టకండి, అంటుకుంటుంది.

ఇద్దరు మోడల్స్ ఉంటే రెండు బ్రష్ సెట్లు కావాలి. సబ్బుతో కడిగిన బ్రష్ ఆరడానికి రాత్రంతా పడుతుంది, షూట్ మధ్యలో కడిగి వాడటం కుదరదు. ఆరబెట్టేటప్పుడు పడుకోబెట్టండి. నిలబెడితే నీళ్లు లోహపు పట్టీలోకి దిగి జిగురు వదులై కుచ్చు ఊడుతుంది. మోడల్‌కి కన్ను ఎర్రబడి ఉన్నా, పెదవి మీద పొక్కులున్నా ఆ భాగాన్ని ముట్టుకోకుండా ఫొటోగ్రాఫర్‌కి చెప్పండి. చెప్పడానికి మొహమాటపడితే తర్వాతి మోడల్‌కి అంటించేది మీరే అవుతారు. కళ్ల దగ్గర వాడే గ్లిటర్ కాస్మెటిక్ గ్రేడ్‌దే అయి ఉండాలి. బొమ్మలకి అంటించే గ్లిటర్ అంచులు కంటి పొరని గీరేస్తాయి.

టైము లెక్క

వెనక నుంచి లెక్కేయాలి. మొదటి ఫ్రేమ్ 10 గంటలకి అనుకోండి. బట్టలు వేసుకోవడానికి 15 నిమిషాలు, హెయిర్‌కి 45, మేకప్‌కి 75, అటూ ఇటూ అయ్యేదానికి 20. మొత్తం 155 నిమిషాలు. అంటే మోడల్ 7:25కి కుర్చీలో ఉండాలి, మీరు 7 గంటలకల్లా టేబుల్ సర్దుకుంటూ ఉండాలి. ఆ 75 నిమిషాలు మీకు నిజంగా సరిపోతాయా అన్నది ఇంట్లో గడియారం పెట్టుకుని రెండుసార్లు చేస్తే తెలుస్తుంది. వచ్చిన లెక్కకి ఓ పావు వంతు కలపండి. సెట్‌లో మోడల్ ఫోన్ మాట్లాడుతుంది, స్టైలిస్ట్ నగ పెట్టి చూస్తాడు, ఎవరో టీ తెస్తారు.

లుక్కుల వరుస కూడా మీరే చెప్పాలి, అడిగేదాకా ఆగకండి. తేలికది ముందు, చిక్కనిది చివర. మ్యాట్ ఎర్ర లిప్‌స్టిక్ తుడిచినా పెదవిలో రంగు మిగులుతుంది, నల్లని స్మోకీ తుడిస్తే కంటి చుట్టూ చర్మం ఎర్రబడుతుంది. న్యూడ్ లుక్ దాని తర్వాత పెట్టారంటే పని మొత్తం పాడైనట్టే. ఉన్నదాని మీద పెంచుకుంటూ పోతే లుక్ మార్పు 20, 30 నిమిషాల్లో అవుతుంది. స్టైలిస్ట్ బట్టల వరుస వేరేగా రాసుకుని ఉంటే ముందురోజే ఇద్దరూ కూర్చుని కుదుర్చుకోండి.

తల మీంచి తొడుక్కునే బట్టలు ఉన్నాయా అని కూడా ఆ మాటల్లోనే అడగండి. ఉంటే మేకప్‌కి ముందే తొడిగి పైన కేప్ కప్పాలి, లేదా ముఖానికి పలచని పట్టు స్కార్ఫ్ కప్పి తొడగాలి. తెల్లని కాలర్‌కి అంటిన ఫౌండేషన్ గురించి ఆ తర్వాత పదిమంది మాట్లాడుకుంటారు.

కుర్చీలో

కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. పక్కకి కూర్చోబెడితే నీడవైపు చెంపకి తెలియకుండానే బ్లష్ ఎక్కువ పడుతుంది. కిటికీ లేకపోతే 5500 కెల్విన్ (పగటి వెలుతురు రంగు) దగ్గర ఉండే, సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 దాటిన లైటు వాడండి. 3200 కెల్విన్ పసుపు బల్బు కింద ఫౌండేషన్ ఎంత పసుపుగా ఉందో మీకు కనిపించదు.

ముఖం తుడిచి మాయిశ్చరైజర్ అద్దాక ఐదు నుంచి పది నిమిషాలు వదిలేయండి. ఈలోగా హెయిర్ వాళ్లు రోలర్లు పెట్టుకోవచ్చు, కనుబొమ్మలు మీరు చూసుకోవచ్చు. ఆగకుండా ప్రైమర్, ఫౌండేషన్ ఒకదాని మీద ఒకటి రుద్దితే చిన్న చిన్న ఉండలు కట్టి రాలతాయి. నీటి ఆధారిత మాయిశ్చరైజర్ మీద సిలికోన్ ప్రైమర్ ఎక్కువగా వేసినా అంతే. ఒకసారి ఉండలు కట్టడం మొదలైతే పైన ఏం వేసినా ఆగదు, ఆ చోటు మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి.

ముదురు ఐషాడో, గ్లిటర్ ఉంటే కళ్లు ముందు, చర్మం తర్వాత. రాలిన పొడిని తుడిచేస్తే సరిపోతుంది. మిగతా లుక్కులకి చర్మం ముందు చేసినా నష్టం లేదు. ఛాయని దవడ అంచున గీసి, మెడకీ ఛాతీకీ కలిసేది ఎంచుకోండి. చామనఛాయ, నల్లని చర్మాల మీద రెండు తప్పులు తరచూ కనిపిస్తాయి. కంటి కింది నలుపు మీద నేరుగా లేత కన్సీలర్ వేస్తే బూడిద పట్టినట్టవుతుంది; ముందు నారింజ రంగు కరెక్టర్ పలచగా, తర్వాత చర్మం ఛాయ కన్సీలర్. రెండోది తెల్లని ట్రాన్స్‌లూసెంట్ పౌడర్. పేరుకి కనిపించనిదే, కెమెరాలో మాత్రం సున్నం పూసినట్టుంటుంది. ఛాయ ఉన్న పౌడర్ వాడండి.

క్రీములన్నీ అయ్యాకే పౌడర్. పౌడర్ మీద క్రీమ్ బ్లష్ రుద్దితే అట్టలు కడుతుంది. ముఖం మీది నూగు వెంట్రుకలు పక్క లైటులో మెరుస్తాయి కాబట్టి పఫ్‌ని వెంట్రుక వాలు వైపు, కిందికి అద్దండి. రెప్పలకి జిగురు రాశాక 30 సెకన్లు ఆగితే అంటుకుంటుంది, తడిగా పెడితే జారుతుంది. చెవులు, మెడ, చేతులు మరవకండి. వెనక నుంచి లైటు పడితే చెవులు ఎర్రగా వెలుగుతాయి. మోచేతులకి, మెడకి లోషన్ రాసేముందు స్టైలిస్ట్‌కి చెప్పండి, పట్టు మీద నూనె మరక పోదు. హెయిర్ స్ప్రే కొట్టేటప్పుడు ముఖానికి అట్ట అడ్డం పెట్టాలి.

సెట్‌లో

మీ చోటు మానిటర్ పక్కన, ఫొటోగ్రాఫర్ వెనక. మొదటి పది ఫ్రేములు టెస్టులే, లైటు సరిచేసుకుంటారు. మీరూ అప్పుడే ముఖాన్ని పెద్దది చేసి చూసి సరిచేసుకోవాలి. నుదుటి మీది మెరుపు వెలుగులా ఉందా, చెమటలా ఉందా? రెండు కనుబొమ్మలూ ఒక ఎత్తులో ఉన్నాయా? పంటికి లిప్‌స్టిక్ అంటిందా? అద్దంలో ఎలా ఉందన్నది ఇక అనవసరం.

నడుముకి కట్టుకునే చిన్న సంచిలో జిడ్డు పీల్చే కాగితాలు, పఫ్, పౌడర్, ఆ లుక్ పెదవి రంగు, ఇయర్ బడ్స్, టిష్యూ, ట్వీజర్, రెప్పల జిగురు ఉంటే చాలు. జిడ్డు, చెమట కనిపిస్తే ముందు కాగితంతో అద్ది తీసి, తర్వాతే పౌడర్. చెమట మీద పౌడర్ వేస్తే పిండి ముద్దవుతుంది. కనురెప్ప మీద గ్లాస్ (తడిసినట్టు మెరిసే పూత) వేసే లుక్ అయితే అది నిమిషాల్లో మడతలోకి చేరిపోతుంది. లైటు, పోజు అన్నీ కుదిరాక చిట్టచివర వేసి, వెంటనే తీయమనండి.

సరిచేయడానికి మోడల్ దగ్గరికి వెళ్లేముందు "ఒక్క నిమిషం వెళ్లనా?" అని ఫొటోగ్రాఫర్‌ని అడగండి. మంచి ఊపులో తీస్తున్నప్పుడు ఒక్క వెంట్రుక కోసం ఆపించకండి, అది ఎడిట్‌లో పోతుంది. రాలిన గ్లిటర్, ఊడుతున్న రెప్ప, మెడకీ ముఖానికీ ఛాయ తేడా ఎడిట్‌లో గంటలు తింటాయి, వాటికి ఆపించండి. తప్పు కనిపిస్తే మోడల్‌కి వినిపించేలా అనకండి. "నుదురు జిడ్డుగా ఉంది" అన్న మాట విన్న మనిషి ఆ తర్వాత ఇరవై ఫ్రేముల్లో నుదుటి గురించే ఆలోచిస్తుంది. లైట్ స్టాండ్లు, రిఫ్లెక్టర్లు ముట్టుకోవద్దు.

ప్రతి లుక్ పూర్తవగానే ఎదురుగా, రెండు పక్కలా, కళ్లు మూసుకుని ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసి, వాడిన ఉత్పత్తుల పేర్లు రాసుకోండి. భోజనం తర్వాత అదే లుక్ మళ్లీ తీయాల్సి వస్తే ఇవే ఆధారం.

అయిపోయాక

మోడల్‌ని మేకప్‌తో ఇంటికి పంపకండి. లెన్సులుంటే ముందు తీసేయమని, నూనె కలిసిన రిమూవర్ తడిపిన దూదిని కన్ను మీద 20, 30 సెకన్లు ఆన్చి ఉంచి కిందికి తుడవండి. జిగురు నూనెకి కరుగుతుంది, లాగితే సొంత రెప్పలు ఊడతాయి. చివర మాయిశ్చరైజర్. టేబుల్ తుడిచి, మీ చెత్త మీరే తీసుకెళ్లండి.

ఆ రాత్రే అందరి పేర్లు, ఖాతాలు సరైన స్పెల్లింగ్‌తో ఒక మెసేజ్‌లో పెట్టండి. ఫొటోలు వచ్చాక ఫొటోగ్రాఫర్ ఇచ్చిన వాటిమీద మళ్లీ ఫిల్టర్ వేయకండి, క్రాప్ చేయాలన్నా అడగండి. చెప్పిన గడువు దాటి వారమైతే ఒకసారి గుర్తుచేయండి. ఏయే ఫ్రేములు కావాలో నంబర్లతో సహా రాస్తే జవాబు త్వరగా వస్తుంది. ఆ నంబర్లు సెట్‌లో మానిటర్ మీద కనిపిస్తూనే ఉంటాయి. నచ్చిన ఫ్రేమ్ పడినప్పుడే రాసి పెట్టుకోండి.